ఒక పక్క తొక్కు, ఒక పక్క ఎత్తు

పరిసల్ బోల్తా పడితే మొదట చేయాల్సిన పని ఈత కొట్టడం కాదు. ఇది బాగా చెవిన వేసుకోండి, మిగతాది తర్వాత. నా చిన్నతనంలో భవాని ఏటి ఒడ్డున పెరిగిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ మాట తెలుసు. ఇప్పుడు మీలో ఒక్కరికీ తెలియదు. మొన్న సెలవులకు వచ్చిన పిల్లలంతా ఏట్లోకి దిగుతామని బయలుదేరినప్పుడు నాకు కాళ్ళాడలేదు. అందుకే ఈ రాత్రి రాజుల కథలు వద్దు, దయ్యాల కథలు వద్దు. ఇంకో రెండు కొబ్బరి డొక్కలు మంటలో వేసి దగ్గరికి జరగండి. మార్గళి నెల కదా, నీలగిరి మీంచి దిగే గాలి ఎముకలు కొరుకుతుంది.

పరిసల్ అంటే హొగెనక్కల్‌లో మీరెక్కి ఫోటోలు దిగారే, అదే. ఆంధ్రావాళ్ళు పుట్టి అంటారు. కృష్ణలో, తుంగభద్రలో చేపలు పట్టేవాళ్ళు ఇప్పటికీ దాంట్లోనే తిరుగుతారు. వెదురు చీల్చి బద్దలతో అల్లుతారు. అడుగు చదును, అంచు గుండ్రం. అంచు దగ్గర బద్దల మీద బద్దలు వేసి, లావుగా చుట్టి కడతారు. పరిసల్ ప్రాణమంతా ఆ అంచులోనే ఉంటుంది. నేను చూసిన పాత పరిసల్‌లకు అడుగున ఎద్దుతోలు ఉండేది. ఆ తర్వాత గోతాలకు తారు పూయడం, ప్లాస్టిక్ పట్టా వేయడం వచ్చాయి. తోలు పరిసల్‌ను ఒక్క మనిషి తలమీద బోర్లించుకుని మోసేవాడు. ఏరు దాటాలంటే ముందు దాన్ని మోసుకుంటూ ఒడ్డు వెంట పైకి నడవాలి. అక్కడ నీట్లో వేసి, పారే నీటితోపాటు ఏటవాలుగా జారుతూ అవతలి రేవుకు చేరాలి. నీటికి ఎదురుగా తోయాలని చూస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు ఆయన 1520 ప్రాంతంలో విజయనగరం చూసి వెళ్ళి రాసుకున్నాడు. అక్కడ జనం ఏరు దాటే పడవలు బుట్టల మాదిరి గుండ్రంగా ఉన్నాయట, లోపల బెత్తం, పైన తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, పోతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటాయి అని. బాగ్దాద్‌లో టైగ్రిస్ నది మీదా ఇట్లాంటివే తిరిగేవి. మన పూర్వీకులు ఆ విజయనగరపు కాలం నుంచే ఈ దక్షిణానికి దిగుతూ వచ్చారు. 1529లో మధురలో విశ్వనాథ నాయకుడి ఏలుబడి మొదలైంది. ఆ తరాల్లోనే కమ్మవాళ్ళు, బలిజలు, రెడ్లు, రాజకంబళం వాళ్ళు, దేవాంగులు మధుర చుట్టూ, తిరునెల్వేలి వైపు, ఈ కొంగు నేలలో స్థిరపడ్డారు. నల్లరేగడి ఎక్కడుంటే అక్కడ మన ఊరు ఉంటుంది, చూడండి.

మా అవ్వ చెప్పేది, మనవాళ్ళు పారిపోయి వస్తుంటే దారిలో ఏరు పొంగిందట. వెనక తురుష్కుల గుర్రాలు, ముందు నీళ్ళు. అప్పుడు ఒడ్డునున్న కానుగచెట్లు వంగి వంతెనగా నిలిచాయట. అందుకే కానుగను నరకకూడదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాకు ఆ కథ చాలా ఇష్టం. కానీ చిన్నప్పుడే ఒక ఆలోచన వచ్చేది. అంతమంది ముసలివాళ్ళు, చంటిపిల్లలు, పశువులు దాటి ఉంటే, వాళ్ళలో ఏరు తెలిసినవాళ్ళు కొందరైనా ఉండి ఉంటారు. వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు. చెట్టు పేరే మిగిలింది.

మాకు ఈత నేర్పింది ఏరు కాదు, బావి. కపిల తోలే ఆ పెద్ద చదరపు బావులు మీరు చూసి ఉండరు. ఎండిన సొరకాయ బుర్రలు రెండు వీపుకు కట్టి, మెట్టు మీంచి తోసేసేవాడు మా నాయన. నాలుగు రోజులు నీళ్ళు మింగాక చెయ్యాడేది. తర్వాత ఒక బుర్ర విప్పేవాడు, తర్వాత రెండోది. బావిలో నీళ్ళు కదలవు కాబట్టి భయం పోవడానికి అది మంచి చోటు. ఏటి నీళ్ళు వేరే రకం, ఆ పాఠం వేరే.

ఆనకట్ట కట్టకముందు మా ఊరి దగ్గర భవాని సన్నగా, రాళ్ళ మధ్య పారేది. ఎండాకాలం నడిచి దాటేవాళ్ళం. 1948లో దిగువన, మోయారు వచ్చి భవానిలో కలిసే చోట, పని మొదలుపెట్టారు. ఎనిమిది కిలోమీటర్లకు పైగా మట్టికట్ట! స్వతంత్రం వచ్చిన కొత్తలో అంత పెద్ద పని తలపెట్టడం మామూలు ధైర్యం కాదు. 1955కు అయిపోయింది. అదే భవానీసాగర్. ఈరోడు వైపు పొలాలకు కాలువ వచ్చింది, ఆ నీళ్ళతో వాళ్ళు బాగుపడ్డారు, నాకు సంతోషమే. ఇటు మా వైపు మాత్రం నీళ్ళు వెనక్కి తన్నాయి. హొయసల దండనాయకులు కట్టిన దణ్ణాయకన్ కోట, దాంట్లో మాధవ పెరుమాళ్ గుడి, అన్నీ లోపలికి పోయాయి. జలాశయం బాగా ఎండిన ఏడు గుడి రాళ్ళు బయటికి తేలతాయి, జనం వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు. లింగాపురం, గంధవయల్ వైపు చూడండి, డ్యాము నిండిన ఏడు దారి మునిగి మొన్నమొన్నటి దాకా కూడా పరిసలో పడవో ఎక్కాల్సి వచ్చింది. మోయారు అవతలి తెంగుమరహడ వాళ్ళూ అట్లాగే దాటుతూ వచ్చారు.

అట్లా మా ఇంటికీ పరిసల్ వచ్చింది. మా చిన్నమామ అరటితోట అవతలి గట్టున ఉండిపోయింది మరి.

ఆ రోజు సంగతి చెప్తాను. ఆడి నెల. పాలక్కాడు కనుమలోంచి దూరే గాలి మీకు తెలుసు, ఆడిలో కొబ్బరిచెట్టు తలలు ఒకటే వైపు వంగి ఉంటాయి. కొండల్లో వాన, డ్యాము నిండుగా ఉంది. నేను హైస్కూల్లో ఉన్నాను. తోట నుంచి అరటిగెలలు వేసుకుని తిరిగి వస్తున్నాం. చిన్నమామ, మా మేనత్త, నేను, సిరుముగై వెళ్ళే నేతగాడు ఒకాయన పట్టుచీరల మూటతో, తెడ్డు దగ్గర పరిసల్ పెద్దాయన. ఆయన పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అందరికీ పెద్దాయనే. గాలికి నీళ్ళు అలలు లేచి పరిసల్‌ను కొడుతున్నాయి. ఒక గెల అంచు దాటి జారింది. దాన్ని పట్టుకోబోయి ఒకేసారి ఇద్దరు లేచారు, ఒకే పక్కకు వంగారు. అంతే.

పరిసల్ తిరగబడడానికి కారణాలు ఎక్కువ ఉండవు. అడుగు చదును కనుక కూర్చున్నంతసేపు అది చాలా నమ్మకమైనది. నిలబడితే, లేదా బరువంతా ఒక పక్కకు పోతే, అంచు మునిగి నీళ్ళు లోపలికి వస్తాయి. వచ్చిన నీళ్ళు కూడా అదే పక్కకు పరుగెత్తుతాయి, ఇంకా బరువవుతుంది. రెండు రెప్పపాట్లలో తలకిందులు.

నేను పైకి లేచేసరికి తల వెదురుకు ఠక్కున తగిలింది. అంతా చీకటి, తారు వాసన. కానీ ఊపిరి ఆడుతోంది! బోర్లాపడ్డ పరిసల్ కింద గాలి చిక్కుకుని ఉంటుంది, నేను ఆ గాలిలో ఉన్నాను. బయట ఎవరో అడుగు మీద అరచేత్తో దబదబా కొడుతున్నారు. పెద్దాయన గొంతు. "లోపలెవరు? పలకండి! అంచు పట్టుకుని ముణిగి బయటికి రా!" ముణిగాను, వచ్చాను. ఆయన ఒక చేత్తో అంచు పట్టుకుని, ఇంకో చేత్తో మా అందరినీ లెక్క పెడుతున్నాడు. అయిదుగురూ పలికేదాకా ఆయన ఇంకో పని ముట్టలేదు. ఇది మొదటిది. తలలు లెక్క పెట్టడం.

రెండోది పరిసల్‌ను వదలకపోవడం. గట్టు కనబడుతుంటుంది, దగ్గరే అనిపిస్తుంది. నీటి మట్టం నుంచి చూసేవాడికి దూరం చాలాసార్లు తక్కువగానే కనిపిస్తుంది. మా మామకు మంచి ఈత వచ్చు, గట్టుకు ఈది మనుషులను తెస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "పరిసల్ తేలుతుంది, నువ్వు అలసిపోతావు" అన్నాడు. వెదురు మునగదు, అడుగున గాలి ఉంది. గాలికి అటూ ఇటూ కొట్టుకుపోయినా పరిసల్ నీటి మీదే ఉంటుంది, వెతికేవాళ్ళకు అదే కనబడుతుంది. ఒంటరి తల కనబడదు. పారే ఏట్లో అయితే ఇంకొక జాగ్రత్త ఉంది. పరిసల్‌కు ఎగువ పక్కనే ఉండాలి. దిగువ పక్కన ఉంటే ముందు వచ్చే రాయికీ వెనక వచ్చే పరిసల్‌కూ మధ్య మనిషి నలుగుతాడు.

మూడోది చేతులు ఖాళీ చేసుకోవడం. ఆ నేతగాడు మూటను గుండెకు అదుముకుని ఒక్క చేత్తో తన్నుకుంటున్నాడు. నెలల కష్టం అది, పాపం, ఎవరు వదులుతారు? పెద్దాయన గట్టిగా ఒక్క అరుపు అరిచాడు. మూట నీట్లో పడి గెలల మధ్య తేలుతూ పోయింది. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను. కానీ ఆయన రెండు చేతులూ దొరకబట్టే మేము ఆ సాయంత్రం ఇంటికొచ్చాం.

ఇప్పుడు తిప్పడం. వినండి, ఇది జాగ్రత్తగా వినాలి. అందరూ ఒకే పక్కన చేరి పైకి ఎత్తాలని చూస్తారు, అది స్వభావం. ఎత్తలేరు. కాళ్ళ కింద నేల లేదు కదా, మీరు పైకి తోస్తే మీరు కిందికి పోతారు. అదీకాక నీళ్ళు అంచును చుట్టూ పట్టుకుని ఉంటాయి. ఒక చోట అంచు లేచి లోపలికి గాలి పోతేగానీ అది వదలదు. పెద్దాయన తన పరిసల్ అంచు చుట్టూ కొబ్బరిపీచు తాడు ఎప్పుడూ కట్టి ఉంచేవాడు. దాని కొసను గాలి వచ్చే పక్క అంచుకు ముడేసి, అడుగు మీదుగా ఇవతలికి తెచ్చాడు. తాడు చాలలేదు. మామ తుండు విప్పి కలిపారు. మామ గాలి పోయే పక్కకు వచ్చి, బోర్లా ఉన్న అంచు మీద రెండు పాదాలూ పెట్టి, తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. బరువైన మనిషి, ఈ పక్క అంచు ముణిగింది. ఆ పక్కన పెద్దాయనా, నేతగాడూ అంచు కింద చేతులుంచి, కాళ్ళతో నీళ్ళు తన్నుతూ పైకి నెట్టారు. "ఒక పక్క తొక్కు, ఒక పక్క ఎత్తు!" అని పెద్దాయన కేక. మొదటిసారి లేచి మళ్ళీ పడింది. రెండోసారి అంచు జానెడు లేచిందో లేదో, భుస్సుమని చప్పుడు, లోపలికి గాలి దూరింది. ఆ తర్వాత ఆడిగాలే మిగతా పని చేసింది. నిలువుగా లేచి, మామ వైపుకు తిరిగి పడింది.

ఇక్కడ వాలినవాడికి ప్రమాదం ఉంది. పరిసల్ తిరిగేది అతని మీదకే. అది నిలువుగా లేవగానే పక్కకు ముణిగి తప్పుకోవాలి, కానీ తాడు వదలకూడదు. వదిలితే ఖాళీ పరిసల్‌ను గాలి దొర్లించుకుని ఎక్కడికో తీసుకుపోతుంది. మామ తప్పుకున్నాడు, తాడు మణికట్టుకు చుట్టుకోకుండా పిడికిట్లోనే పట్టుకున్నాడు. చుట్టుకుంటే చెయ్యి పోతుంది.

తిరిగిన పరిసల్ సగం నీళ్ళతో ఉంటుంది. తొందరపడి ఎక్కితే మళ్ళీ మొదటికే వస్తుంది. ముందు అందరిలో తేలికైనవాళ్ళు ఎక్కాలి. ఆ రోజు అది నేను. ఎదురు అంచు మీద మామ బరువు వేసి పట్టుకున్నాడు, నేను ఇటు కడుపు మీద పాకి లోపలికి దొర్లాను. మోకాళ్ళ మీద లేవవద్దని పెద్దాయన ముందే చెప్పాడు. లోపల గిన్నె ఏదీ మిగల్లేదు, టిఫిన్ క్యారియర్ గిన్నె ఒక్కటి అంచు బద్దల్లో ఇరుక్కుని ఉంది. దాంతో తోడాను. తోడుతూనే ఉన్నాను. నీళ్ళు చీలమండల దాకా తగ్గాక మేనత్తను ఎక్కించారు. తడిసిన చీర బరువు మీకు తెలియదు. ఆమెను అంచుకు అడ్డంగా పడుకోబెట్టి, కింది నుంచి కాళ్ళు తోసి దొర్లించాల్సి వచ్చింది. ఆమె మొత్తం సేపు అంచు వదలకుండా, ఒక్కమాట మాట్లాడకుండా పట్టుకుని ఉంది. మగవాళ్ళ సాహసం గురించి ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. నేనైతే ఆమె గురించే చెప్తాను. ఈత రాని మనిషి, అయినా ఎవరి మెడా పట్టుకోలేదు. ఆమె ఎవరి మెడకైనా చుట్టుకుని ఉంటే మాకు ఇంకొక చెయ్యి తక్కువయ్యేది.

మూట దొరికిందా అని అడుగుతారు. దొరికింది, తర్వాత, దిగువన పొదల్లో. రంగులు ఒకదాంట్లో ఒకటి దిగిపోయాయి. చిన్నమామ ఆ ఏటి అరటి డబ్బుల్లోంచి కొంత ఆయనకు ఇచ్చాడు. ఆయన తీసుకోనన్నాడు, మేనత్త వెళ్ళి వాళ్ళావిడ చేతిలో పెట్టి వచ్చింది.

మీ అన్న సియాటెల్ నుంచి ఫోన్‌లో కయాక్ చూపించాడు. సన్నగా, పొడుగ్గా, నడుం దాకా మనిషి దూరి కూర్చునే పడవ. అది తిరగబడితే బయటికి రాకుండానే తెడ్డు నీటి మీద ఒత్తి, నడుం తిప్పి, పైకి లేస్తారు. గ్రీన్‌లాండ్‌లో సీల్ తోళ్ళ పడవల మీద వేటాడే ఇనుయిట్‌లు కనిపెట్టిన విద్య అది. అక్కడి నీటిలో పడ్డవాడు చలికే పోతాడు, అందుకే బయటికి రాకుండా లేవడం నేర్చుకున్నారు. 1927లో పావ్లాటా అనే ఆస్ట్రియా ఆయన చదివి, ప్రయత్నించి, యూరప్ వాళ్ళలో మొదట సాధించాడట. అట్లా లేవలేనివాడికి ఇంకొక కయాక్ వాడు వచ్చి, బోల్తాపడ్డ పడవ ముక్కును తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్ళు కార్చి, తిప్పి, తను గట్టిగా పట్టుకుని ఎక్కిస్తాడు. చూడగానే నాకు పెద్దాయనే గుర్తొచ్చాడు. పరిసల్‌కు మొదటి విద్య పనికిరాదు. వెడల్పాటి గుండ్రటి వస్తువు, ఒక్కడు ఎంత బలవంతుడైనా నడినీటిలో దాన్ని తిప్పడం కష్టం. రెండో విద్య మనదే.

నలుగురూ కలిసి తాడు పట్టే పని అంటే నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. మా అమ్మది మధుర. వైగై ఒడ్డున పుట్టి కూడా ఆమెకు నీళ్ళు తెలియవు. వైగైలో ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్ళు చూస్తాం! కానీ వండియూరు తెప్పకుళం ఉంది కదా, తిరుమల నాయకుడు 1645లో తవ్వించింది, తైపూసానికి మీనాక్షి సుందరేశ్వరులు తెప్ప ఎక్కుతారు. పరిసల్ తిరగబడ్డ ఆ సంగతి తర్వాత నన్ను ఆమె అక్కడికి తీసుకెళ్ళింది. గట్టు మీద జనం తాళ్ళు పట్టి తెప్పను నడుపుతుంటే, తెప్ప నిలకడగా సాగుతుంది. మా అమ్మ దండం పెట్టుకుంటుంటే నేను తాళ్ళనే చూశాను, పెద్దాయన పాఠం తలలో ఉంది మరి.

ఇక ఇప్పటి సంగతి. మీరు ఏరు అనుకునేది ఇప్పుడు పాత ఏరు కాదు. పైన పిల్లూరు డ్యాము ఉంది. అక్కడ కరెంటు కోసం నీళ్ళు వదులుతారు. కొండల్లో వాన పడి డ్యాము నిండినా వదులుతారు. మెట్టుపాళయంలో ఎండ కాస్తుంటుంది, ఏరు మోకాలి లోతుండగా పిల్లలు బండల మీద కూర్చుని ఉంటారు, చూస్తూండగానే నడుం లోతు, ఆ తర్వాత కాళ్ళు నిలవవు. కోయంబత్తూరు నుంచి సెలవురోజు వచ్చే కాలేజీ పిల్లలు అట్లా ఎంతమంది పోయారో. భద్రకాళి అమ్మవారి గుడి దగ్గర ఆ తల్లిదండ్రుల ఏడుపు విన్నవాణ్ణి నేను. ఆ పిల్లల్లో చాలామందికి ఈత వచ్చు, స్విమ్మింగ్ పూల్ ఈత.

గోదావరి సంగతి మీకు గుర్తుండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పెద్ద పర్యాటక పడవ తిరగబడింది. కిందంతా మూసిన గది ఉన్న పడవ అది. ఒడ్డున ఉన్న పల్లెవాళ్ళు తమ చిన్న పడవలు వేసుకుని వెళ్ళి చేతికందినవాళ్ళను లాగారు. ధర్మాడి సత్యం బృందం ఆ పడవను నీట్లోంచి పైకి తెచ్చేసరికి నెల దాటింది. ఆ పల్లెవాళ్ళకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. వాళ్ళ తాతలు ఇచ్చారు.

కాబట్టి ఈ వేసవికి, డ్యాము తగ్గి నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు, మీ నాన్నలకు చెప్పి నేనే ఏర్పాటు చేస్తాను. గంధవయల్ వైపు నాకు తెలిసిన పరిసల్ వాళ్ళున్నారు, నడుంలోతు నీళ్ళల్లో వాళ్ళే దాన్ని బోర్లిస్తారు, మీరు తిప్పాలి. ముందు నేల తగిలే చోట, తర్వాత తగలని చోట. ఆడపిల్లలు కూడా రావాలి, చుడీదార్ వేసుకునే రావాలి, ఎందుకంటే పడినప్పుడు ఎవరూ ఈత బట్టలతో పడరు. లైఫ్ జాకెట్లు మాత్రం మీ సైజువి మీరు కొనుక్కుని రండి, అరువు వద్దు, బకిల్ బిగించి చూసుకోండి. చిన్నవాడా, నువ్వు తేలికగా ఉన్నావు, ముందు ఎక్కి నీళ్ళు తోడేది నువ్వే.